తెలిసిన కథకు ముందు కథ

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే మేష్టరు సూపర్‌మాన్ బొమ్మల పుస్తకాలు చదవటమేమిటండీ అని అడిగేవాళ్లు మా కాలేజీలో ముగ్గురున్నారు. మా యింట్లో ఒక్కరే వున్నారు గాని, ఆ ఒక్కరూ ముగ్గురి పెట్టు. "నన్నయగారు వింటే ఏమనుకుంటారు?" అంటుంది మా ఆవిడ. నన్నయగారు ఏమీ అనుకోరని నా నమ్మకం. ఆకాశానికి ఎగిరి, అడ్డం వచ్చిన దేవతలను గెలిచి, అమృతభాండం తెచ్చి, తల్లి దాస్యం వదిలించిన గరుత్మంతుడి కథ చెప్పిన మహానుభావుడాయన. ఎగిరే మనిషిని చూసి బెదిరిపోతాడా?

సరే, సంగతి అది కాదు. పోయిన వేసవి సెలవుల్లో మా యింట్లో రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక కథాకాలక్షేపం నడిచింది. దాని పేరు "స్మాల్‌విల్". అమెరికా టెలివిజన్‌లో 2001 అక్టోబరులో మొదలై 2011 మే నెలలో ముగిసిన ధారావాహిక. పదేళ్లు, పది సీజన్లు, రెండు వందల పైచిలుకు భాగాలు. సూపర్‌మాన్ యింకా సూపర్‌మాన్ కాకముందు, కాన్సాస్ రాష్ట్రంలో ఒక చిన్న వూళ్లో, క్లార్క్ కెంట్ అనే రైతుబిడ్డగా పెరిగిన రోజుల కథ. ఆల్ఫ్రెడ్ గాఫ్, మైల్స్ మిల్లర్ అనే యిద్దరు దీన్ని కల్పించారు. మొదలుపెట్టేటప్పుడే వాళ్లొక నియమం పెట్టుకున్నారు. ఆ బిగుతు దుస్తులూ వుండవు, ఎగరటాలూ వుండవు అని. అంటే ఉప్పూ కారమూ లేకుండా పచ్చడి చేస్తామన్నమాట. అయినా మొదటి రాత్రే 84 లక్షలమంది చూశారట.

నేను దీన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు యిరవై రెండో యిరవై మూడో. ఒక మిత్రుడి దగ్గర డిస్కులు ఎరువు తెచ్చుకుని, పది భాగాలు చూసి, కోపం వచ్చి తిరిగి యిచ్చేశాను. ఇప్పుడు నా పదిహేనేళ్ల కొడుకుతో కలిసి మళ్లీ మొదలుపెట్టాను. వాడితో పాటు వాడి స్నేహితుడు కూడా వచ్చి కూచుంటాడనుకుని కుర్చీ ఒకటి ఎక్కువే వేశాం. ఎప్పుడూ మా యింట్లోనే తిరిగే పిల్లవాడు. ఈ వేసవిలో రాలేదు. పరీక్షల అలసట కాబోలు ననుకున్నాం.

మొదటి భాగం సగంలో వుండగానే మావాడు లాజిక్కు తీశాడు.

"వీడు చివరికి సూపర్‌మాన్ అవుతాడని తెలుసుగా నాన్నా! ఆ బట్టతల ఆయన వీడికి శత్రువవుతాడనీ తెలుసు. ఇంక చూడటమెందుకు?"

ఇల్లాంటి ప్రశ్నకు తెలుగు మేష్టరు దగ్గర జవాబు లేకపోతే ఎల్లా? పూర్వం మన వూళ్లల్లో శ్రీకృష్ణ రాయబారం నాటకానికి బళ్లు కట్టుకుని వెళ్లేవారు. రాయబారం పొసగదనీ, యుద్ధం తప్పదనీ టిక్కెట్టు కొనకముందే అందరికీ తెలుసు. అయినా తెల్లవార్లూ కూచునేవారు. ఏం జరుగుతుందో చూడటానికి కాదు, ఎల్లా జరుగుతుందో చూడటానికి. ఏ మాట దగ్గర సంధి జారిపోయిందో, ఏ మెట్టు మీద నిలబడి వుంటే అందరూ బతికిపోయేవారో తెలుసుకోవటానికి. పూర్వకథకు వున్న బలమల్లా అదే. పోతే, ఆ బలంతో పాటు ఒక బాధ్యత కూడా వుంది. ముగింపు ముందే తెలిసినప్పుడు, మధ్యలో పడే ప్రతి అడుగూ నిజమైన అడుగు కావాలి. వేసిన అడుగు వెనక్కి తీసుకుంటే మనకు మిగిలేది ఏమీ లేదు.

ఇరవై యేళ్ల కిందట నాకు కోపం వచ్చిన కారణం మాత్రం యిది కాదు. "అసలు కథలో యిల్లా లేదే!" అన్నదే నా కోపం. క్లోయీ అనే పత్రికాపిచ్చి పిల్ల బొమ్మల పుస్తకంలో లేదు. లెక్స్ తండ్రిగా యిందులో కనిపించే లయొనెల్ లూథర్ ఈ ధారావాహిక కోసం పుట్టినవాడే. 1986లో జాన్ బైర్న్ తిరగరాసిన కథలో క్లార్క్ పెంపుడు తల్లిదండ్రులిద్దరూ క్షేమంగా వుంటారు. ఇక్కడ ఆ భరోసా లేదు. ఇల్లా తప్పులు పట్టుకుంటూ, పుస్తకం పక్కన పెట్టుకుని హరికథ విన్నవాడి మాదిరి తయారయ్యాను.

ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. "అసలు కథ" అంటే ఏది? క్లీవ్‌లాండ్ నగరపు కుర్రవాళ్లు జెర్రీ సీగెల్, జో షుస్టర్ కల్పించగా 1938లో "యాక్షన్ కామిక్స్" మొదటి సంచికలో సూపర్‌మాన్ పుట్టాడు. ఆ సంచికలో అతనికి పెంపుడు తల్లిదండ్రులే లేరు. దారినపోయేవాడెవడో చూసి అనాథాశ్రమంలో అప్పగించాడు. కెంటు దంపతులు మరుసటి సంవత్సరం వచ్చి చేరారు. ఎగరటం కూడా మొదట్లో లేదు. ఫర్లాంగు దూరం గెంతేవాడు, అంతే. సూపర్‌మాన్ బలాన్ని హరించే క్రిప్టొనైట్ అనే ఆకుపచ్చ రాయి 1943లో రేడియో నాటకంలో పుట్టి, ఆరేళ్లకు గాని బొమ్మల పుస్తకంలోకి ఎక్కలేదు. అంటే నేను "మూలం" అని నెత్తిన పెట్టుకున్నది సగం ప్రక్షిప్తమే! భారతాన్ని మూడు తరాల కవులు మూడు ధోరణుల్లో తెలిగిస్తే మూడూ నెత్తిన పెట్టుకున్న జాతివాణ్ణి, ఒక అమెరికా బొమ్మల కథ దగ్గర యింత మడి కట్టుకోవటమేమిటి?

పైగా యీ ధారావాహికకు ప్రాణమైన సంగతి పాత పుస్తకంలో వున్నదే. 1960లో "అడ్వెంచర్ కామిక్స్"లో వచ్చిన ఒక కథలో లెక్స్ లూథర్ కూడా స్మాల్‌విల్ కుర్రవాడే, సూపర్‌బోయ్‌కి స్నేహితుడే. ప్రయోగశాల అంటుకుంటే సూపర్‌బోయ్ ఆర్పాడు. ఆ గందరగోళంలో లూథర్ జుట్టు వూడిపోయింది. అక్కడినుంచి ఆజన్మ శత్రుత్వం. జుట్టు కోసం ఆజన్మ శత్రుత్వమేమిటని నవ్వకండి. ద్రోణుడూ ద్రుపదుడూ ఒకే గురువు దగ్గర చదువుకున్నవాళ్లే. ఒకడు రాజై, రెండోవాణ్ణి "నీకూ నాకూ స్నేహమేమిటి?" అన్నాడు. ఆ ఒక్క మాట కురుక్షేత్రం దాకా వెళ్లింది. చిన్ననాటి స్నేహం విరిగితే వచ్చే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది.

స్మాల్‌విల్‌లో ఆ స్నేహం ఎల్లా మొదలవుతుందో చూడండి. ధనవంతుడి కొడుకు లెక్స్ ఖరీదైన పోర్షె కారును వేగంగా నడుపుకుంటూ వచ్చి, వంతెన మీద నిలబడ్డ క్లార్క్‌ను గుద్దేస్తాడు. ఇద్దరూ ఏట్లో పడతారు. మామూలుగా అయితే గుద్దించుకున్నవాడు చావాలి. ఇక్కడ వాడే కారు కప్పు చీల్చి, గుద్దినవాణ్ణి గట్టుకు చేరుస్తాడు. ప్రాణం పోసినవాణ్ణి లెక్స్ దేవుడనే అనుకుంటాడు. కాని, నేను గుద్దితే వీడెల్లా బతికాడు అన్న ప్రశ్న ఆ క్షణాన్నే పుడుతుంది. అడుగుతాడు. క్లార్క్ అబద్ధం చెబుతాడు. స్నేహమూ అబద్ధమూ ఒకే గట్టు మీద, ఒకే రోజున పుట్టాయి. ఇంతకంటె గొప్ప ఎత్తుగడ నేను యీ తరహా కథల్లో చూడలేదు.

లెక్స్ వేషం మైకేల్ రోజెన్‌బామ్ అనే నటుడిది. క్లార్క్‌గా వేసిన టామ్ వెల్లింగ్ అందగాడు, మంచివాడుగా కనపడతాడు. కాని కథను మోసేది ఆ బట్టతలవాడే. తండ్రి ప్రేమకు మొహం వాచి, ఒక రైతు యింటి వంటగదిని ఆశగా చూసే చూపు వుందే, అది చూసి మా ఆవిడ కూడా చేతిలో వున్న బట్టలు మడతపెట్టటం ఆపేసింది. "వీడు చెడ్డవాడెల్లా అవుతాడండీ?" అంది. అదే ప్రశ్న! చెడ్డవాడని తెలిసినవాడి గురించి ఆ ప్రశ్న అడిగించగలిగితే కథకుడు సగం గెలిచాడు. అప్పటినుంచి ఆవిడ నన్నయగారి ప్రస్తావన తేలేదు.

తెలిసిన కథ బరువు ఎల్లాంటిదో చెప్పటానికి మరొక్క దృశ్యం. 1978 నుంచి నాలుగు సినిమాల్లో సూపర్‌మాన్‌గా ఎగిరిన క్రిస్టొఫర్ రీవ్ 1995లో గుర్రం మీదనుంచి పడి, మెడ కింద కదలిక పోగొట్టుకున్నాడు. 2003లో ఆయన యీ ధారావాహికలో ఒక శాస్త్రవేత్తగా, చక్రాల కుర్చీలోనే వచ్చి, నువ్వు ఫలానా లోకం నుంచి వచ్చావు నాయనా అని కుర్రవాడికి చెబుతాడు. వెనక ఆ పాత సినిమా సంగీతం సన్నగా వినిపిస్తుంది. కదలలేని పాత సూపర్‌మాన్, ఎగరటం రాని కొత్త సూపర్‌మాన్ ఎదురెదురుగా. మావాడికి ఆ సినిమాలు తెలియవు గనక, "బాగానే వుంది" అన్నాడు. నేను కళ్లజోడు తుడుచుకున్నాను. తల్లి మార్తా వేషం వేసిన అనెట్ ఓటూల్ కూడా 1983 సినిమాలో లానా అనే కథానాయికగా వేసినావిడే. నిన్నటి నాయికలు నేటి తల్లులు కావటం మన సినిమాలకే చెల్లిందనుకునేవాణ్ణి.

తల్లిదండ్రుల మాట వచ్చింది గనక అసలు సంగతికి వస్తాను. ఇరవై యేళ్ల కిందట నేను క్లార్క్‌ను చూశాను. ఇప్పుడు చూసింది జోనథన్ కెంట్‌ను. అప్పులున్న రైతు. దొరికిన బిడ్డను కడుపున పుట్టినవాడికంటె ఎక్కువగా పెంచినవాడు. ప్రాణదాతకు కృతజ్ఞతగా లెక్స్ కొత్త ట్రక్కు ఒకటి పంపితే, వెనక్కి పంపించేదాకా వూరుకోడు. నీ శక్తి సంగతి బయట ఎవరికీ తెలియకూడదు అన్నది ఆయన చెప్పే మొదటి పాఠం, చివరి పాఠం. తెలిస్తే పిల్లవాణ్ణి బతకనివ్వరన్న భయం. ఆయన చెప్పినదాంట్లో తప్పు ఒక్కటీ లేదు. కాని ఆ మంచి సలహానే స్నేహితుల మధ్య గోడయింది. క్లార్క్ దాస్తాడు. దాస్తున్నాడని లెక్స్ కనిపెడతాడు. తనూ దాచటం మొదలుపెడతాడు. 2004 వసంతంలో వచ్చిన మూడో సీజన్ ముగింపులో, లెక్స్ తన భవనంలో ఒక గది నిండా తన గురించి సేకరించిన ఆధారాలు పెట్టుకున్నాడని క్లార్క్ కనుక్కుంటాడు. స్నేహం అక్కడ విరిగింది. ఎవరు ముందు తప్పు చేశారంటే చెప్పటం కష్టం. ప్రేమ చేసిన తప్పుకు శిక్ష ఎవరికి వెయ్యాలి?

నూరో భాగం 2006 జనవరిలో వచ్చింది. అందులో క్లార్క్ తాను ప్రేమించిన పిల్లకు మొదటిసారి నిజం చెబుతాడు. ఆ రోజే ఆ పిల్ల కారు ప్రమాదంలో పోతుంది. కాలాన్ని ఒక్కసారి వెనక్కి తిప్పే వరం పొంది, క్లార్క్ ఆమెను బతికించుకుంటాడు. అయితే, ఆమెకు బదులు మరొక ప్రాణం పోవాలి. ఎవరిదో చెప్పరు. ఆ రాత్రి సెనేట్ ఎన్నికలో గెలిచి యింటికి వచ్చిన జోనథన్, పొలం దగ్గర, కొడుకు చేతుల్లో, గుండె ఆగి చనిపోతాడు. రైలును ఆపగల చేతులు అవి. ఆ గుండెను నడిపించలేకపోయాయి.

కాలాన్ని వెనక్కి తిప్పటం చవకబారు ఎత్తు అని నేనే అనేవాణ్ణి. ఇక్కడ అనలేను. ఎందుకంటే దానికి ధర కట్టారు, కట్టిన ధర వసూలు చేశారు, మళ్లీ తిరిగి యివ్వలేదు. సూపర్‌మాన్ ఎవరినైనా కాపాడగలడనేది అందరికీ తెలిసిన కథ. ఎవరిని కాపాడలేకపోయాడో తెలిస్తే గాని అతను ఎందుకు అంత ఆత్రంగా ఎగురుతాడో తెలియదు. ఆ రాత్రి ముగ్గురం మాట్లాడుకోకుండా పడుకున్నాం.

ఇంతదాకా పొగిడాను. ఇక తిట్టటం కూడా అభిమాని ధర్మమే.

మొదటి తప్పు, ఆకుపచ్చ రాయి. ఆ రాయి తగిలి వారానికొక వూరివాడు వింత శక్తులతో రాక్షసుడవటం, క్లార్క్ వాణ్ణి లొంగదీయటం. అల్లా వారం వారం జరుగుతూ వుంటే ఆ వూళ్లో అద్దెకు ఎవరు దిగుతారో నాకు అర్థం కాలేదు. రెండో తప్పు, సాగదీత. జనం ఆదరించారు గనక ఆపలేకపోయారు. వరసగా వచ్చే నవలలు రాసేవారికి యీ కష్టం తెలుసు, చదివే మీకూ తెలుసు. హైస్కూలు పిల్లవాడుగా మొదలైనవాడు ఉద్యోగంలో చేరి, పెళ్లిపీటల దాకా వచ్చినా యింకా ఎగరడు. బాలకాండే పదేళ్లు చెబుతూ కూచుంటే, విశ్వామిత్రుడు కూడా విసిగి వెళ్లిపోతాడు.

ఈ రెండూ క్షమించవచ్చు. మూడోది నేను క్షమించలేదు. రోజెన్‌బామ్ ఏడో సీజన్‌తో, 2008లో, వెళ్లిపోయి, చివరి భాగానికి మళ్లీ వచ్చాడు. ముగింపులో క్లార్క్, లెక్స్ ఎదురుపడతారు. మాటలు బాగున్నాయి. అయితే కథకులకు ఒక చిక్కు వచ్చింది. పుస్తకాల్లో లూథర్‌కు క్లార్కే సూపర్‌మాన్ అని తెలియదు. ఇక్కడ అన్నీ తెలుసు. ఎల్లా? లెక్స్‌కు ఒక విషం అంటిస్తారు. అతని జ్ఞాపకాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. వంతెనా, ఏరూ, స్నేహమూ, ద్రోహమూ, అంతా!

మన శకుంతల కథ తీసుకోండి. భారతంలో దుష్యంతుడికి మరుపు లేదు. అన్నీ తెలిసే, లోకానికి వెరచి, నిండు సభలో ఎరగనంటాడు. కాళిదాసు దుర్వాసుడి శాపం తెచ్చి మరిపించాడు. కాని ఆ మరుపు కాళిదాసు దగ్గర కథకు ముగింపు కాదు, నడుమ వచ్చిన దుఃఖం. వుంగరం దొరికి, జ్ఞాపకం తిరిగి వచ్చి, రాజు కుమిలి కుమిలి ఏడవాలి. స్మాల్‌విల్‌వారు శాపం తెచ్చారు, వుంగరం తేలేదు. పదేళ్లు నా చేత మోయించిన బరువును ఒక్క విషంతో దించేసి, ఇక వెళ్లి పాత పుస్తకాలు చదువుకోమన్నారు. ఎవరికోసం? ఇరవై యేళ్ల కిందటి నాలాంటివాడి కోసం! "అసలు కథలో యిల్లా లేదే" అని అరిచేవాడి నోరు మూయించటం కోసం, వాళ్లు తాము రాసిన అసలు కథను చెరిపేసుకున్నారు. ఆ తర్వాత క్లార్క్ చొక్కా విప్పి, గుండెల మీది గుర్తు చూపించి, ఎగిరిపోయాడు. నేను పదేళ్ల పిల్లవాడిలా చప్పట్లు కొట్టాలి. కొట్టలేకపోయాను.

"మతి పోయేటట్టు చెయ్యటం ముగింపేమిటిరా?" అన్నాను మావాడితో.

వాడు ఎంతసేపటికీ మాట్లాడలేదు. ఖాళీగా వున్న ఆ కుర్చీ కేసి చూసి, "నాన్నా, జోనథన్ కూడా నీలాగే చెప్పాడు" అన్నాడు.

ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పోయిన శీతాకాలంలో మావాడు ఒక స్కాలర్‌షిప్పు పరీక్షకు దరఖాస్తు పెట్టాడు. "ఫలితం వచ్చేదాకా ఎవరికీ చెప్పకు. నీ స్నేహితుడికి అసలు చెప్పకు" అన్నవాణ్ణి నేనే. దిష్టి అనుకున్నానో, పోటీ అనుకున్నానో యిప్పుడు చెప్పలేను. పిల్లవాడి మేలు కోరే అన్నాను. ఆ స్నేహితుడు, దరఖాస్తు పెట్టే తారీకు దాటిపోయాక, నువ్వు పెట్టావా అని వీణ్ణి అడిగాడట. వీడు లేదన్నాడట. ఫలితాల పట్టీలో పేరు చూసి ఆ అబ్బాయి వచ్చి అభినందించి వెళ్లాడట. మళ్లీ రాలేదు. వీడికి స్కాలర్‌షిప్పు వచ్చిందని మేము వీధివీధంతా మిఠాయి పంచాం. వాళ్లింటికీ పంపించాం.

"నేను చెప్పింది తప్పేరా" అన్నాను. పదిహేనేళ్ల కొడుకుతో ఆ మాట అనటానికి ఎంత గొంతు పెగుల్చుకోవాలో తండ్రులకే తెలుసు.

"నువ్వు చెప్పావు. అబద్ధం ఆడింది నేనుగా" అన్నాడు వాడు.

ఎవరు ముందు తప్పు చేశారో చెప్పటం కష్టమని రాశానే పైన, అది మా యింటి సంగతి కూడాను.

మర్నాడు పొద్దున్న కాఫీ కాగానే వాడు సైకిలు తీశాడు. ఏం చెబుతావురా అని అడగబోయి, వూరుకున్నాను. ఇప్పటికే ఒక సలహా చెప్పి వున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకు తిరిగి వచ్చాడు. "వున్నాడా?" అంది వాళ్లమ్మ. "వున్నాడు. వాళ్లమ్మగారు మజ్జిగ యిచ్చారు" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. అడిగే హక్కు నాకు లేదు.

ఆ పిల్లవాడు యింకా మా యింటికి రాలేదు. వస్తాడో రాడో, ఈ కథకు ముగింపు ఏ పుస్తకంలోనూ వేయలేదు గనక నాకు తెలియదు. జరిగినదాన్ని మరిపించే మందు కథల్లో దొరుకుతుంది గాని మా వీధి మందుల షాపులో దొరకదు. దొరికినా కొననని మాత్రం చెప్పగలను. కుర్చీ తియ్యలేదు.